మొగ్గ నిలిచిన నక్షత్రం

నేను ఒక లేసు నక్షత్రాన్ని. అరచేతిలో ఇమిడిపోతాను. ఎనిమిది కొమ్ములు, నడుమ విచ్చుకోబోయే మల్లెమొగ్గలా పైకి లేచిన చిన్న బొడిపె. ప్రస్తుతం ఒక లేసు కంపెనీ ఆఫీసులో, నీలం అట్ట మీద, రెండు గుండుసూదుల మధ్య ఉన్నాను. నా కింద అతికించిన కాగితం మీద ఎనిమిది వందల పధ్నాలుగు అని రాసి ఉంటుంది. ఇక్కడివాళ్లకు నా పేరు అదే. "ఎనిమిదొందల పధ్నాలుగు తియ్యండి" అంటారు, తీస్తారు, కొలుస్తారు, మళ్లీ గుచ్చేస్తారు.

నేను అట్ట మీద ఉండడానికి పుట్టలేదు. ఒక ఇంట్లో, ఒక చెట్టు కొమ్మకు వేలాడడానికి పుట్టాను. ఆ ఇంటి మనిషే నన్ను ఇక్కడికి చేర్చింది. వినేవాళ్లు ఆవిణ్ణి తిట్టుకుంటారని తెలుసు. కాస్త ఆగి, పూర్తిగా విని తిట్టండి. నా కడుపులో మంట ఆవిడ మీద కాదు.

నరసాపురానికి ఆరు మైళ్ల దూరంలో, కాలువ గట్టున రేవుపేట అని ఉంది. అక్కడ దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లు లేసు అల్లుతారు. కంపెనీ ఏజెంటు దారం తూచి ఇచ్చి వెళతాడు, పనయ్యాక వచ్చి మళ్లీ తూచి పట్టుకెళతాడు. మధ్యాహ్నం వంటలూ భోజనాలూ అయ్యాక అరుగుల మీద కొక్కెం సూదులు పట్టుకుని కూర్చుంటే పొద్దు వాలేదాకా లేవరు. ఆ చేతులు అల్లిన బల్లగుడ్డలు సముద్రాలు దాటి వెళతాయి. వాళ్ల ఇళ్లల్లో మాత్రం లేసు ముక్క కనపడదు.

పండగకు తప్ప. పండగంటే ఆ పేటలో క్రిస్మసే. డిసెంబరు రాగానే సముద్రపు ఒడ్డు తోటల నుంచి సరుగుడు కొమ్మలు వచ్చేవి. ఇసుక నింపిన డబ్బాలో కొమ్మ పాతి, చుట్టూ ఎర్ర కాగితం చుడితే అదే క్రిస్మస్ చెట్టు. కొనుక్కొచ్చిన అలంకారం ఒక్కటీ ఉండేది కాదు. మైదాపిండి ఉడకబెట్టిన జిగురుతో రంగు కాగితాల గొలుసులు అతికించేవాళ్లు. కోడిగుడ్డు పెంకులకు లక్కరంగు పూసేవాళ్లు. సిగరెట్టు పెట్టెల్లోని వెండికాగితం మడిచి గంటలు చేసేవాళ్లు. కొమ్మల మీద దూది పరిచి మంచు అనేవాళ్లు. ఆ ఊళ్లో మంచు చూసినవాళ్లెవరూ లేరు. అయినా ఎక్కడ ఎంత మందాన పరచాలో అందరికీ ఖచ్చితమైన అభిప్రాయాలుండేవి.

ఆ పేటలో తబిత, రిబ్కా అని ఇద్దరు స్నేహితులు. ఒకే ఈడువాళ్లు. ఎనిమిదేళ్ల వయసులో ఒకే అరుగు మీద కూర్చుని లేసు నేర్చుకున్నారు. పెళ్లిళ్లయి ఇద్దరూ ఆ పేటలోనే, నాలుగిళ్ల ఎడంలో కాపురం పెట్టారు. వాళ్లిద్దరి మధ్యా ఒక కట్టుబాటు ఉండేది. ఏటా డిసెంబరులో, మిగిలిన దారం ముక్కలతో, ఒకరి చెట్టుకు ఇంకొకరు ఒక్క అలంకారం అల్లి ఇచ్చుకోవాలి. అది ఎవరికీ అమ్మకూడదు, ఏజెంటు కంట పడకూడదు. ఏడాదంతా దొరల బల్లలకు అల్లే చేతులు ఆ ఒక్కటీ తమకోసం అల్లుకోవాలి.

తబిత చేతిలో ఏదో ఉంది. ఆమె దారం లాగే బిగువు మరొకరికి రాదు. అందరూ అదే మాట అనేవాళ్లు, రిబ్కా ఎదుటే అనేవాళ్లు. రిబ్కా నవ్వి ఊరుకునేది. ఎదుటివాళ్లను ఒకసారి నొప్పించి మర్చిపోవడం మనుషులకు బాగా తెలిసిన విద్య. రోజూ కొంచెం కొంచెం నొప్పించడం అంతకన్నా బాగా తెలుసు.

నన్ను అల్లిన ఏడాది తబిత ఒక తిక్క పని చేసింది. లేసు నక్షత్రాన్ని ఎవరైనా నడిమి నుంచి మొదలుపెడతారు. చిన్న చుట్టు వేసి, దాని చుట్టూ పెంచుకుంటూ కొమ్ములదాకా వెళతారు. తబిత కొమ్ములు ముందు అల్లింది. వాటిని ఒకదానికొకటి కలిపి లోపలికి వచ్చింది. వస్తున్నకొద్దీ కుట్లు తగ్గించి బిగించేసరికి నడుమ దారం ఎటూ పోలేక పైకి లేచి మొగ్గలా నిలబడింది. ఆమె కాసేపు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్కతే ఫక్కున నవ్వింది. నాకు తెలిసిన మొదటి చప్పుడు ఆ నవ్వు.

నా ఒంట్లో మూడు రకాల తెలుపు ఉంది. పాలలాంటిది కొంత, సున్నంలాంటిది కొంత, పసుపు తిరిగిన పాతది కొంత. అన్నీ కంపెనీ దారపు కొసలే. నన్ను తమ సొత్తుగా అట్టకు గుచ్చుకోవడంలో కంపెనీ వైపు కాస్తో కూస్తో న్యాయముందేమోనని ఇప్పటికీ ఒక్కోసారి అనుమానం వస్తుంది. అల్లడం అయ్యాక చక్కెర నీళ్లలో ముంచి, దిండు మీద గుండుసూదులతో పరిచి, ఎండలో పెట్టింది. ఆరాక గవ్వలా గట్టిపడ్డాను. ఆ చక్కెరకు చీమలు పట్టాయి. రిబ్కా ఇంట్లో నన్ను కట్టిన దారానికి పసుపు రాయాల్సి వచ్చింది.

"ఇదేంటే, మజ్జిలో మొగ్గెలా లేపేవే?" అని రిబ్కా ఆరోజు నన్ను దీపానికి ఎత్తి పట్టుకుని అడిగింది.

"చెప్పను. వచ్చే యేడు నువ్వు నాకు ఇంతకన్నా మంచిది చేసిత్తే అప్పుడు చెప్తాను" అంది తబిత.

ఇద్దరూ నవ్వుకున్నారు. రిబ్కా నన్ను చెట్టు చిటారున కట్టింది. ఆ నాలుగు రోజులే నా బతుకు. వచ్చినవాళ్లు అచ్చులతో వండిన గులాబీ పువ్వులూ కజ్జికాయలూ తింటూ నన్ను చూసేవాళ్లు. రిబ్కా ఇల్లు ఊడుస్తూ ఊడుస్తూ ఆగి నా వైపు చూసేది.

పండగ మర్నాడు ఏజెంటు పేరయ్యగారు వచ్చారు. మామూలుగా గుమ్మం బయటే పని తూచుకుని వెళ్లేవారు. పండగని రిబ్కా లోపలికి పిలిచి పలహారం పెట్టింది. ఆయన కజ్జికాయ కొరుకుతూ చెట్టు వైపు చూసి, నమలడం ఆపేశారు. లేచి దగ్గరకు వచ్చి కళ్లజోడు సవరించుకున్నారు.

"ఏమ్మా, ఇదెవరు చేశారు?"

రిబ్కా చేతిలో మంచినీళ్ల గ్లాసు ఉంది. ఆమె గ్లాసు వంక చూసింది. నా వంక చూడలేదు.

"నేనేనండి" అంది.

ఆ మాట ముందే అనుకున్నది కాదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించినట్టు ఉలిక్కిపడింది. పేరయ్యగారు "నువ్వా? ఇన్నాళ్లూ నీ దగ్గర ఇంత పనితనం ఉందని నాకు తెలియదే!" అన్నారు. తన పని గురించి అలాంటి మాట ఆమె పుట్టాక వినలేదు. మెడ ఒక్కసారి నిటారుగా అయింది. ఇక వెనక్కి తీసుకోవడం ఆమె వల్ల కాలేదు. నిజం చెప్పాలి కదా, ఆయన పొగుడుతుంటే నేనూ పొంగిపోయాను. ఎవరి పేరు మీద పొగుడుతున్నారన్నది కాసేపు ఆలస్యంగా తట్టింది నాకు.

ఆయన నన్ను విప్పి కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నారు. "దొరసానులకు చూపిస్తాను. కుదిరితే పేటంతటికీ పని, నువ్వే పెద్ద" అన్నారు. గుమ్మం దాటుతుంటే రిబ్కా రెండడుగులు వెనకాలే వచ్చింది. పిలుస్తుందనుకున్నాను. పిలవలేదు.

మళ్లీ రేవుపేట చూసింది రోహిణీ కార్తెలో. అవతలి దేశాల వాళ్ల పండగకు అందాలంటే ఇక్కడ వడగాలుల్లో అల్లాలట. నా నమూనాకు పెద్ద ఆర్డరు వచ్చింది. పేటలో నలభై మంది ఆడవాళ్లకు దారం పంచారు. నన్ను చేతి నుంచి చేతికి తిప్పారు. నెలన్నర తిప్పినా ఒక్కరి నక్షత్రంలోనూ మొగ్గ నిలవలేదు. అందరూ నడిమి నుంచే మొదలుపెట్టేవాళ్లు. మొగ్గ లేచినట్టే లేచి, సాయంత్రానికి పుల్లట్టులా చతికిలపడేది. పేరయ్యగారికి విసుగొచ్చింది. "రేపు చర్చి వరండాలో అందరినీ పిలుస్తున్నాను. నువ్వే కూర్చుని చేసి చూపించమ్మా" అని రిబ్కాకు నన్ను ఇచ్చి వెళ్లారు.

ఆ మధ్యాహ్నం రిబ్కా నన్ను చేతిగుడ్డలో మూటగట్టుకుని తబిత గుమ్మంలో నిలబడింది.

"తబితా, లోపలికి రానా?"

"ఏంటే కొత్తగా అడుగుతున్నావ్? రా" అంది తబిత. చాప మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

ఆమె అప్పటికి నాలుగు నెలలుగా లేసు పని ముట్టలేదు. చంటిబిడ్డతో పుట్టింటికి వెళ్లి, ఆ వారమే తిరిగి వచ్చింది. అందుకే నేను ఆమె కంటపడలేదు. రిబ్కా మూట విప్పింది. నన్ను చూడగానే తబిత మొహం విచ్చుకుంది.

"అయ్యో, దీన్నెందుకు తీసేవే? మళ్లీ చీమలు పట్టేయా?"

రిబ్కా ఏడ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పింది. పండగ మర్నాడు ఏజెంటు అడగడం, తన నోట్లోంచి ఆ మాట రావడం, ఆర్డరు, దారం, నలభై మంది. "ఎందుకన్నానో నాకే తెలీదే. ఎప్పుడూ నీ పనే బాగుందంటారు కదే అందరూ. ఒక్కసారి నన్నన్నారు. ఒక్కసారే."

తబిత చింతపండు ముందు నుంచి కదలలేదు. గింజలు ఒక పక్క, పండు ఒక పక్క వేస్తూనే ఉంది.

"పుట్టింటికి ఎల్లే ముందు నీ ఇంటికొచ్చేను. నచ్చత్రమేదే అంటే పెట్టెలో దాచేనన్నావు."

"చెబుదామనే అనుకున్నానే…"

"ఇప్పుడెందుకొచ్చేవు?"

"మొగ్గెలా లేపేవో చెప్పవే. రేపు అందరి ముందూ చెయ్యమన్నారు. నలభై మందికి నోటికాడ కూడు."

"చెప్తాను. మరి రేపు ఎవరు నేర్పేరని చెప్తావు ఆళ్లకి?"

రిబ్కా చాప అంచు పీచు లాగుతూ, తల ఎత్తకుండానే అంది. "ఇప్పుడు ఇంకోలా ఎలా చెప్పనే? నేనేననే చెప్పాలి కదా."

తబిత చేతులు అప్పుడు ఆగాయి. పండగ మర్నాడు జరిగింది ఒక తప్పు. ఇది తప్పు కాదు, తెలిసి తెలిసి అడగడం. ఆమె రెండు అరచేతులూ చీరకు తుడుచుకుని, నన్ను చేతిగుడ్డలో చుట్టి, రిబ్కా ఒళ్లో పెట్టింది.

"ఎల్లు. రేపు నేనూ వత్తాను."

రిబ్కా ఆ మాటకు బతికానన్నట్టు ఇంటికి వచ్చింది. నేనూ అలాగే అనుకున్నాను. రేపు ఆ చేతులు నన్ను పట్టుకుని "ఇది నాది" అంటాయని, ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్లిపోతానని నమ్మాను. లేసు నక్షత్రాలకు మనుషుల గురించి తెలిసింది తక్కువ.

మర్నాడు చర్చి వరండా నిండిపోయింది. పేరయ్యగారు కుర్చీలో కూర్చున్నారు. రిబ్కా చాప మీద కూర్చుని కొక్కెం సూది పట్టుకుంది. నడిమి నుంచి మొదలుపెట్టింది. ఆమెకు వచ్చింది అదే. మొగ్గ లేవలేదు. విప్పి మళ్లీ వేసింది. చెమటకు దారం మాసిపోయింది. ఆడవాళ్లు ఒకరి చెవులు ఒకరు కొరుక్కోవడం మొదలైంది. పెద్దావిడ మార్తమ్మ ఉండబట్టలేక అనేసింది.

"ఇలాంటి పని మన పేటలో తబిత చేతిదే అయ్యుంటాదండి. దాన్నడగండి ఓపాలి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. తబిత వెనక వరసలో స్తంభానికి ఆనుకుని ఉంది. పేరయ్యగారు లేచి వెళ్లి నన్ను ఆమె అరచేతిలో పెట్టారు. ఆరేడు నెలల తరవాత ఆ చెయ్యి. చెమటగా ఉంది, వేడిగా ఉంది. అయినా నాకు పుట్టిన చోటికి వచ్చినట్టయింది.

"ఏమ్మా, ఇది నువ్వు చేసిందా?"

తబిత నన్ను ఒకసారి తిరగేసి చూసింది. కొమ్ములు చూసింది, అతుకులు చూసింది. నా ఒంట్లో ఏ ముడి ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలిగిన మనిషి.

"కాదండి."

"పోనీ చెయ్యడం వచ్చా?"

"రాదండి."

"ఎవరైనా చేస్తుండగా ఎప్పుడన్నా చూశావా?"

ఆమె తల ఎత్తి, నలభై మంది మీదుగా, రిబ్కా కళ్లలోకి చూసింది.

"ఇలాంటిది నేనెప్పుడూ చూళ్లేదండి."

మూడుసార్లు. ఆ వరండాలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ ప్రభువును మూడుసార్లు ఎరగనన్న శిష్యుడి కథ కంఠతా వచ్చు. ఏటా గుడ్ ఫ్రైడే నాడు విని కళ్లొత్తుకుంటారు. ఒక్కరికీ అప్పుడు గుర్తు రాలేదు. తబిత నన్ను తిరిగి ఏజెంటు చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని, ఎండలోకి వెళ్లిపోయింది.

నేను రిబ్కా మొహం చూశాను. ముందు గండం గడిచిన మనిషిలా ఊపిరి వదిలింది. తరవాత, తబిత గేటు దాటేసరికి, ఆ మొహం పాలిపోయింది. తబిత ఆమెను నలుగురిలో బయట పెట్టలేదు. అదే మాటతో ఆమెను వదిలేసింది కూడా. ఇక తిట్టే మనిషి లేదు, క్షమించే మనిషీ లేదు. నక్షత్రం రిబ్కాదే. దాన్ని అల్లడం మాత్రం ఆమెకు ఎప్పటికీ రాదు.

పేరయ్యగారు ఎక్కువసేపు బాధపడలేదు. "సరే, ఆ మొగ్గ తీసేసి చదునుగా అల్లండి. అవతలివాళ్లు ఒప్పుకుంటే సరి" అన్నారు. వాళ్లు ఒప్పుకున్నారు. మొగ్గ లేని నక్షత్రాలు పెట్టెలకు పెట్టెలు ఓడలెక్కాయి. రిబ్కా పేటలో దారం పంచే మనిషి అయింది. నన్ను నమూనాగా కంపెనీ అట్ట మీద గుచ్చారు. పైసా పెట్టుబడి లేకుండా దొరికినదాన్ని అంత శ్రద్ధగా భద్రపరిచే చోటు ఇంకొకటి ఉండదు.

తరవాతి ఏడాది వచ్చిన మూటల్లో ఒకదాన్ని విప్పగానే నాకు తెలిసిపోయింది. ఆ బిగువు వేరు. తబిత కూడా చదును నక్షత్రాలు అల్లడం మొదలుపెట్టింది. దారం ఆమె గుమ్మంలో పెట్టేది రిబ్కాయే, తీసుకెళ్లేది రిబ్కాయే. ఇద్దరి మధ్యా మాట లేదని గుమస్తా సూర్యంగారు ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆమె నక్షత్రాలను ఒక్కొక్కటే నా మీద పెట్టి కొలిచేవారు. కొమ్ముకు కొమ్ము సరిపోయేది. నడుమ మాత్రం నా మొగ్గకు ఆ చదునైన లేసు తగిలి ఎత్తుగా ఉండేది. ప్రతి మూటలోనూ ఒక్కదానిలోనైనా, పొరపాటునైనా, మొగ్గ ఉంటుందేమోనని చూశాను. ఎన్నేళ్లో చూశాను. తబిత చేతికి పొరపాట్లు రావు.

రిబ్కా ఆఫీసుకు వచ్చినప్పుడల్లా నా అట్ట దగ్గర ఒక్క నిమిషం ఆగేది. ముట్టుకునేది కాదు. ఒకసారి ఎవరో కొత్తగా వచ్చినామె "ఇది మీరే కనిపెట్టారటగా అమ్మగారూ?" అని అడిగితే, "ఆ, అప్పట్లో" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇలా ఇరవై ఏళ్లు పోయాయి. చక్కెర పట్టు సడలి నా మొగ్గ ఒక పక్కకు ఒరిగింది. ఒక వర్షాకాలం రిబ్కాకు జ్వరమొచ్చింది. మూట ఎవరో ఒకరు తేవాలి. తబిత వచ్చింది. జుట్టు సగం నెరిసింది, ముక్కు మీద కళ్లజోడు. తడిసిన గొడుగు గోడకు ఆనించింది. సూర్యంగారు ఆమెను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. నన్ను అట్ట మీంచి ఊడదీసి ఆమె చేతికిచ్చి, "సైజు సరిపోయిందో లేదో మీరే చూసుకుంటూ ఉండండమ్మా, నేను దారం తెస్తాను" అని గోదాములోకి వెళ్లారు.

గదిలో మేమిద్దరమే మిగిలాం.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. తరవాత నన్ను బోర్లించి, వెనక నుంచి బొటనవేలితో నడుమ మెల్లగా నొక్కింది. ఒరిగిన మొగ్గ పైకి లేచింది. చూపుడువేలితో చుట్టూ సర్దింది. ఆ వేళ్లకు ఏం చెయ్యాలో బాగా తెలుసు. కిటికీ బయట వాన పడుతోంది. ఆమె కొంగులో నన్ను దాచుకుంటే అడిగేవాళ్లు లేరు. ఎనిమిది వందల పధ్నాలుగు పోయిందని ఎవరూ ఏడవరు. ఒక్క క్షణం ఆమె వేళ్లు నన్ను మూసి పట్టుకున్నాయి.

గోదాములో చెప్పుల చప్పుడైంది. ఆమె నన్ను బల్ల మీద పెట్టేసింది.

"సరిపోయాయామ్మా?"

"సరిపోయాయండి" అంది. దారం తీసుకుని, గొడుగు తెరుచుకుని వెళ్లిపోయింది.

రిబ్కాను నేను ఎప్పుడో క్షమించాను. ఆమె నన్ను తనదని అబద్ధమాడింది. నన్ను కావాలనుకుని ఆడిన అబద్ధం అది. తబిత నన్ను తనది కాదని అబద్ధమాడింది. ఆమె బాధ నాకు తెలియక కాదు. స్నేహితురాలి మీద కోపం తీర్చుకోవడానికి ఆమెకు ఆ వరండాలో చేతికందింది నేనొక్కదాన్నే. కానీ నేను ఎవరికీ ద్రోహం చెయ్యలేదు. నలభై మంది ముందు నోటితో అనాల్సిన "ఇది నాది" అన్న మాటను, తబిత ఎవరూ లేని గదిలో బొటనవేలితో అని వెళ్లింది. మొగ్గయితే నిలబడింది. నాకు మాత్రం అది చాలలేదు.